‘నానమ్మా’ అంటే వాటా రాసిచ్చినట్టేనా?

డెబ్భై ఏళ్ల నాన్నగారు మళ్లీ పెళ్లి చేసుకున్నారు. నెల తిరక్కముందే కొండాపూర్ కొడుకు, నల్లగండ్ల కూతురు, డాలస్‌లో ఉన్న చిన్నకొడుకు వీడియో కాల్‌లో కూర్చున్నారు. ఎజెండాలో ఒకటే అంశం: తమ పిల్లలు ఆ కొత్త భార్యని ఏమని పిలవాలి?

ఇది ఫలానా వాళ్లిల్లు అనుకోనక్కర్లేదు. హైదరాబాదులో గచ్చిబౌలి నుంచి మియాపూర్ దాకా ఏ టవర్లో తలుపు తట్టినా ఈ కథకి కావాల్సిన పాత్రలు దొరుకుతాయి. పెళ్లి ఆపడానికి చేయాల్సినవన్నీ వాళ్లు ఎప్పుడో చేసేశారు. ‘ఈ వయసులో ఇదేంటి నాన్నా’ అయింది. ‘నలుగురూ ఏమనుకుంటారు’ అయింది. బీపీ, షుగరు రిపోర్టులు ముందేసి ‘మీ ఆరోగ్యం కోసమే చెబుతున్నాం’ కూడా అయింది. పెద్దాయన అన్నీ విన్నాడు, తలూపాడు, వెళ్లి రిజిస్ట్రారు ముందు సంతకం పెట్టి వచ్చాడు. ఇక మిగిలిన ఆయుధం పిలుపొక్కటే. తాళిని ఆపలేనివాళ్లు పిల్లల నాలుకని ఆపుతున్నారు.

మనవాళ్లు పద్ధతి గల మనుషులు. మైండ్‌స్పేస్‌లో నేర్చిన విద్య ఇంటికి తెచ్చుకుని ఎక్సెల్ షీటు తెరిచారు. ఒక వరసలో పేర్లు, పక్కన లాభాలు, ఆ పక్కన రిస్కులు. ఆ షీటు కాస్త చదువుదాం.

మొదటి పేరు ‘ఆంటీ’. ఎవరికీ ఏమీ కాకుండా అందరికీ సరిపోయే పిలుపు. ఎదురు ఫ్లాట్ ఆవిడ ఆంటీ, ట్యూషన్ చెప్పే ఆవిడ ఆంటీ, తాతయ్య పక్కన కూర్చుని మాత్రలు గుర్తుచేసే ఆవిడా ఆంటీయే. చిక్కల్లా ఏడేళ్ల పిల్లతో వచ్చింది. ‘ఆంటీ వాళ్లాయన అంకుల్ కదా! మరి తాతయ్య ఇప్పుడు అంకులా?’ అంది. ఆ ప్రశ్నకి కాల్ మ్యూట్‌లోకి వెళ్లింది.

రెండోది, పేరు పెట్టి పిలిచి వెనక ‘గారు’ తగిలించడం. గారు గౌరవమే, కాదనం. కానీ ఆరేళ్లవాడు అరవై అయిదేళ్ల మనిషిని పేరు పెట్టి గారూ అంటే, అది బ్యాంకు మేనేజరు వాయిదాలు ఎగ్గొట్టినవాడికి ఫోన్ చేసేటప్పటి గౌరవం.

మూడోది ‘తాత ఫ్రెండ్’. డాలస్ ప్రతిపాదన. పెళ్లి సర్టిఫికెట్ ఉన్న ఫ్రెండన్నమాట. ఈ చిన్నకొడుకే మాదాపూర్‌లో ఉద్యోగం వెలగబెట్టే రోజుల్లో ఒక ‘ఫ్రెండు’ని ఇంటికి తీసుకొచ్చేవాడు. ఇప్పుడా ఫ్రెండు అతని పిల్లలకి తల్లి. అప్పుడు పెద్దాయన ఏమీ అడగలేదు. కాఫీ పెట్టించాడు.

నాలుగోది ‘నానమ్మ టూ పాయింట్ ఓ’. ఇది అన్నది తనలో హాస్యం పొంగిపొర్లుతోందని నమ్మే అల్లుడు. బావుంది. మరి మొదటి వెర్షన్‌కి సపోర్టు ఎప్పుడు ఆపేశారో కూడా ఆ షీటులో రాయాలి. అత్తగారు మంచాన పడ్డ రెండేళ్లూ ఆవిడ ఫోన్ చేస్తే ‘మీటింగ్‌లో ఉన్నాం, మళ్లీ చేస్తాం’ అన్నది ఈ ఇంటివాళ్లే.

అయిదోది, ఏమీ పిలవకపోవడం. ‘ఇదిగో’, ‘ఆవిడ’, ‘అక్కడ కూర్చున్నారే, వారు’. రిస్కుల గడిలో ఏమీ లేదు. ఓట్లన్నీ దీనికే పడ్డాయి.

షీటులో ఎక్కడా కనబడనిది నానమ్మ. కనీసం చిన్న నానమ్మ అయినా లేదు. వంటింట్లో గిన్నెలు తోముతూ ఇదంతా వింటున్న పనావిడ మాత్రం చెయ్యి కడుక్కోకుండానే తేల్చేసింది: ‘తాత పెండ్లాం నాయనమ్మ గాక ఇంకేమైతదమ్మా?’ ఆవిడ అభిప్రాయం మినిట్స్‌లో నమోదు కాలేదు.

ఆ మాటకొస్తే వరసలు కలపడంలో తెలుగువాడంత ధారాళం ఎవరికుంది? ఆటో తోలేవాడు అన్న. కూరలమ్మే ఆవిడ అక్క. గేటు దగ్గర సెక్యూరిటీ భయ్యా. తెర మీద పాతికమందిని ఒంటిచేత్తో ఎగరేసే హీరో అన్నయ్య. ఓట్లకి వచ్చినవాళ్లు అమ్మ, అన్న, తమ్ముడు, మామ. తాతగారి తమ్ముడి భార్య ఎక్కడో పిఠాపురంలో ఉండి, ఏదో పెళ్లిలో ఒకసారి కనిపించి బుగ్గ గిల్లితే ఆవిడ చిన్న నానమ్మ. నానమ్మలిద్దరూ, అమ్మమ్మలిద్దరూ ఉంటే ఊరి పేరు తగిలించి కూకట్‌పల్లి నానమ్మ, విజయవాడ అమ్మమ్మ అని పిల్లలే సర్దేసుకుంటారు. నానమ్మ, బాపమ్మ, మామ్మ, బామ్మ, జేజి, అవ్వ... ఆదిలాబాదు నుంచి చిత్తూరు దాకా ఇన్ని పిలుపులున్న జాతికి ఒక్క మనిషి దగ్గర నోరు పడిపోయిందంటే, వాళ్లు వెతుకుతున్నది పిలుపు కాదు. హద్దురాయి.

ఆ రాయి ఎక్కడ పాతాలో చూపించేది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం. వీలునామా రాయకుండా హిందూ పురుషుడు పోతే ఆయన ఆస్తిలో ఒక్కో కొడుక్కీ, కూతురికీ ఒక్కో వాటా, భార్యకి ఒక వాటా, తల్లి బతికి ఉంటే ఆమెకీ ఒకటి. మొదటి భార్య పోయాక చట్టప్రకారం చేసుకున్న ఆవిడ నలభై ఏళ్లు కాపురం చేసిందా, నాలుగు నెలలు చేసిందా అని ఆ చట్టం అడగదు. మూడు ముక్కలు కావాల్సింది నాలుగవుతుంది. స్వార్జితమైతే పెద్దాయన వీలునామాతో మొత్తం ఆవిడకే రాసినా అడ్డు చెప్పేవాడు లేడు. కోకాపేటలో 2023 ఆగస్టులో హెచ్‌ఎండీఏ వేలం వేస్తే ఎకరం అత్యధికంగా 100.75 కోట్లు పలికింది. ఆ చుట్టుపక్కల ఎప్పుడో చవగ్గా కొని పడేసిన 200 గజాలు ఉన్న పెద్దాయన ప్రేమలో పడితే, ఇంట్లోవాళ్లకి అది రియల్ ఎస్టేట్ వార్తగానే వినిపిస్తుంది.

వినోదం ఏమిటంటే, చట్టానికి పిలుపుతో పనే లేదు. మీ పాప ఆంటీ అన్నంత మాత్రాన ఆవిడ వాటా తగ్గదు, నానమ్మ అన్నంత మాత్రాన పెరగదు. క్లౌడ్ ఆర్కిటెక్టులకి ఈ ముక్క అర్థం కాక కాదు. పిలిస్తే ఒప్పుకున్నట్టవుతుందని వాళ్ల భయం. రేపు పెద్దాయన కన్నుమూశాక, పదకొండో రోజు దాటాక, ఆవిడ ముందు నిలబడి ‘ఇంతకీ మీరెవరండీ’ అని అడగాల్సిన రోజు వస్తుందేమో. ఆ రోజు గొంతు తడబడకుండా ఉండాలంటే ఇవాళ పసివాళ్ల నోట నానమ్మ అనే మాట రానివ్వకూడదు. ఇది దాయాదుల కాలం నాటి ముందుచూపు. ఇప్పుడు లాప్‌టాప్ పట్టుకుంది, అంతే.

ఈ ముందుచూపుకి ఈ నేల మీదే ఓ పెద్ద చరిత్ర ఉంది. మీరు రోజూ మెడలో బ్యాడ్జి వేసుకుని వెళ్లే హైటెక్ సిటీ కథలో ఒక మామగారి రెండో పెళ్లి ఉంది. ఎన్టీ రామారావు భార్య బసవతారకం గారు 1985లో పోయారు. 1993లో ఆయన, తన జీవిత చరిత్ర రాస్తున్న అధ్యాపకురాలు లక్ష్మీపార్వతిని పెళ్లాడారు. 1994 ఎన్నికల్లో 294 స్థానాల అసెంబ్లీలో ఆయన పార్టీకి 216 వచ్చాయి. ఏడాది తిరక్కుండానే, 1995 ఆగస్టులో, ఆవిడ జోక్యం పెరిగిపోయిందన్న ఆరోపణతో ఎమ్మెల్యేలు ట్యాంక్‌బండ్ పక్కన వైస్రాయ్ హోటల్లో చేరారు. సెప్టెంబరు 1న అల్లుడు చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయ్యారు. 1996 జనవరి 18న రామారావు కన్నుమూశారు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు.

అధికారం కోసం జరిగిన ఆ పోరులో ఎవరి వాదన వారిది. రాజకీయాల తీర్పు రాజకీయాలకే వదిలేద్దాం. నేను చూసేది అందులోని ఇంటి లెక్క. పెద్దాయన భార్యకి ఆ ఇంట్లో, ఆ పార్టీలో చోటుందా లేదా అని రాష్ట్రమంతా వీధుల్లోకి వచ్చి వాదించుకుంది. ఆ వాదన ముగిసిన మూడేళ్లకి లేచిన నగరం ఇది. దీనికి వారసత్వంగా కోడింగు ఒక్కటే రాలేదు. పెద్దాయన పెళ్లాడితే తలలు లెక్కపెట్టుకునే అలవాటూ వచ్చింది. మీ ఇంట్లో ఎమ్మెల్యేలు లేరు కాబట్టి మనవలున్నారు. అప్పుడు వాళ్లని హోటల్లో పెట్టారు. ఇప్పుడు వీళ్లని శనాదివారాలు అబాకస్‌లో, స్కేటింగులో, రోబోటిక్స్‌లో పెడుతున్నారు, తాత ఇంటి వైపు జారిపోకుండా.

ఇంతకన్నా పాత ఉదాహరణ కావాలంటే మహాభారతానికే వెళ్దాం. గంగ వెళ్లిపోయాక శంతనుడు సత్యవతి మీద మనసు పడ్డాడు. పిల్ల తండ్రి దాశరాజు వరసల గురించి అడగలేదు, సూటిగా రాజ్యం అడిగాడు. దేవవ్రతుడు రాజ్యం వదిలేశాడు. రేపు నీ పిల్లలు అడిగితే అంటే పెళ్లే మానేశాడు. సవతి నానమ్మని ఏమని పిలవాలన్న పేచీని వేళ్లతో సహా పీకేసిన కొడుకు ఆయన: పిలిచేవాళ్లే పుట్టకుండా చేశాడు. మీరెవరూ భీష్ముడు కానక్కర్లేదు. 200 గజాలకి అంత ప్రతిజ్ఞ ఎవరూ అడగరు కూడా.

ఇక్కడ సాహిత్యం చదువుకున్న కొడుకొకడు లేచి గురజాడను అడ్డం వేస్తాడు. ‘కన్యాశుల్కం’ మరిచారా, లుబ్ధావధాన్లు మరిచారా, ముసలి పెళ్లిళ్ల మీదే కదా ఆ నాటకం అంటాడు. మరవలేదు నాయనా. 1892లో మొదటిసారి ఆడిన ఆ నాటకంలో ముసలాయన రొక్కమిచ్చి పసిపిల్లని తెచ్చుకోబోయాడు. ఇక్కడ రిటైరైన టీచరమ్మ తన ఇష్టంతో, తన కాళ్ల మీద నడిచి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్లింది. ఆ ఇంట్లో రూపాయి రూపాయి లెక్కపెట్టుకున్నది పెళ్లికొడుకు. ఈ ఇంట్లో లెక్కపెడుతున్నదెవరు? లుబ్ధావధాన్లు వేషం ఎవరికి నప్పుతుందో అద్దం చూసుకుని తేల్చుకోవాలి.

ఒంటరి పెద్దల మాట ఈ ఊళ్లో కొందరు ఎప్పుడో పట్టించుకున్నారు. 2010లో రాజేశ్వరి గారు హైదరాబాదులో ‘తోడు నీడ’ అనే సంస్థ పెట్టి, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్న పెద్దవాళ్లకి పరిచయ సభలు నడుపుతూ వచ్చారు. అలా కలిసినవాళ్లలో అందరూ పెళ్లి దాకా వెళ్లరు. కొందరు కలిసి ఉంటారు. భర్త పోయిన ఆవిడ మళ్లీ పెళ్లాడితే ఆయన పేరున వచ్చే ఫ్యామిలీ పెన్షన్ సాధారణంగా ఆగిపోతుంది మరి. పెళ్లాడితే ఆస్తి కోసం వచ్చిందంటారు. పెళ్లాడకుండా ఉంటే పరువు తీసిందంటారు. రెండు దారుల్లోనూ టోల్ గేటు పెట్టి రసీదు చింపేది కన్నపిల్లలే.

ఇదంతా తాత పెళ్లి చేసుకున్న ఇళ్ల సంగతి. అమ్మమ్మ చేసుకుంటానంటే? అక్కడ పిలుపు గొడవ దాకా కథ రాదు. మొదటి వాక్యంలోనే పూజగది తలుపు తీసి కూర్చోబెడతారు, చేతికో పారాయణ పుస్తకం ఇస్తారు. వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. ఊరు వెలివేసినా ఆగలేదు. ఆయన విగ్రహం ట్యాంక్‌బండ్ మీద ఉంది. పిల్లల్ని కారులో తిప్పుతూ ఆ విగ్రహం చూపించి ‘గ్రేట్ రిఫార్మర్’ అని చెబుతాం. ఇంటికొచ్చాక అమ్మమ్మకి మాత్రం కాశీ టూర్ ప్యాకేజీ బుక్ చేస్తాం.

ఇక వాళ్ల తురుపు ముక్క ‘అమ్మ స్థానం’. అమ్మ స్థానం ఇంకొకరికి ఎలా ఇస్తామండీ అంటారు, కళ్లు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్లలో నిజమైనవీ ఉంటాయి. అమ్మ పోయిన ఇంట్లో ఆవిడ వాడిన పోపులడబ్బా ఇంకొకరి చేతిలో చూడటం కష్టమే. దాన్ని ఎవరూ ఎగతాళి చేయరు. నానమ్మ అన్న పిలుపు పోయిన ఆవిడకే ఉంచుకుంటాం, వచ్చిన ఆవిడకి చిన్న నానమ్మ అనో, ఊరి పేరుతోనో ఇంకో పిలుపు ఇస్తాం అంటే అదీ మర్యాదే. కానీ ఆ స్థానం ఎలాంటిదో కూడా చెప్పండి. అమ్మ బతికుండగా ఆవిడ స్థానం మీ పిల్లల డైపర్ల దగ్గర. ఆరు నెలలు డాలస్‌లో, ఆరు నెలలు కొండాపూర్‌లో. ఒకరి కాన్పుకి ఒకసారి, ఇంకొకరి ప్రమోషన్‌కి ఒకసారి. ఆ కుర్చీ ఖాళీ అయితే మీకు గుర్తొచ్చింది అమ్మ కాదేమో, ఆ డ్యూటీ రోస్టరు.

చిన్న పరీక్ష పెడదాం. వచ్చిన ఆవిడ రేపట్నుంచి మీ పాపని స్కూల్ బస్సు దగ్గర దించి, సాయంత్రం తీసుకొచ్చి, ఉప్మా పెట్టి, హోంవర్కు చేయించి, మీరు రాత్రి అమెరికా కాల్స్ ముగించే దాకా జోకొడతానందనుకోండి. పిలుపు ఎన్ని నిమిషాల్లో దొరుకుతుంది? అప్పుడు ఎక్సెల్ షీటూ అక్కర్లేదు, ఓటింగూ అక్కర్లేదు. ‘నానమ్మ దగ్గరికెళ్లు నాన్నా’ అని మీరే తోస్తారు. నానమ్మ అన్నది మీ ఇంట్లో బంధుత్వం కాదు, ఉద్యోగం. చేరిన ఆవిడ ఉద్యోగానికి రాలేదు, పెళ్లికి వచ్చింది. అదీ మీ అసలు బాధ.

గేటు దగ్గర కూడా అదే తంతు. కుక్కపిల్లని తిప్పే కుర్రాడికి మీ సొసైటీ యాప్‌లో పర్మనెంటు పాసుంది. పెద్దాయన భార్య వస్తే మాత్రం సెక్యూరిటీ ఫోన్ చేసి ‘సార్, గెస్ట్ వచ్చింది, పంపాలా’ అంటాడు. మీరు ఒక క్షణం ఆలోచించి ‘ఆఁ, పంపు’ అంటారు. ఆ క్షణం ఆవిడ గేటు బయట ఎండలో నిలబడుతుంది, చేతిలో మీ పాప కోసం చేసిన సున్నుండల డబ్బాతో.

డాలస్ తమ్ముడి దగ్గర ఇంకో వాదన ఉంది. అమెరికా వలస చట్టం దృష్టిలో సవతి తల్లి తల్లి కావాలంటే, పెళ్లి నాటికి కొడుక్కి పద్దెనిమిదేళ్లు నిండకూడదట. ఆయనకి నలభై రెండు. కాబట్టి ఆవిడకి గ్రీన్‌కార్డు రాదు, కాబట్టి తల్లి కాదు, కాబట్టి నానమ్మ కాదు. తర్కం అమోఘం. ఈ లెక్కన ఈ భూమ్మీద వీసా అధికారి ముద్ర పడ్డవాళ్లే బంధువులు. మనకి మాత్రం మన చట్టం ఉంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. తల్లిదండ్రులంటే ఎవరో చెబుతూ కన్నవాళ్లు, దత్తత తీసుకున్నవాళ్లతో పాటు సవతి తండ్రి, సవతి తల్లి అని అందులో రాసి ఉంది. వాళ్లని పోషించాల్సిన పిల్లల్లో మైనారిటీ తీరిన మనవలు కూడా ఉన్నారు. నెలకి 10,000 రూపాయల దాకా మనోవర్తి ఇప్పించవచ్చు. మీ ముగ్గురూ వీడియో కాల్‌లో తేల్చలేకపోయిన వరసని పార్లమెంటు 2007లోనే తేల్చేసింది.

కాబట్టి అయ్యా సుపుత్రులారా, అమ్మా సుపుత్రికలారా, ఆ షీటు మూసేయండి. పిల్లల్ని వాళ్ల నోటికి వదిలేయండి, రెండు సాయంత్రాల్లో వాళ్లే ఏదో ఒకటి అంటారు. మీకింకా అనుమానముంటే ఆవిడని అడగండి, ‘పిల్లలు మిమ్మల్ని ఏమని పిలిస్తే మీకిష్టం’ అని. ఇన్ని కాల్స్‌లో, ఇన్ని గడుల్లో ఆ ఒక్క ప్రశ్న ఎవరూ వేయలేదు. వేస్తే ఆవిడ మనిషైపోతుందని భయం కాబోలు.

పిలుపు ఎంచుకునే హక్కు మీకొక్కరికే ఉందనుకోకండి. ఇప్పటిదాకా ఆవిడ మిమ్మల్ని ‘బాబూ’ అనీ, ‘అమ్మాయ్’ అనీ పిలుస్తోంది. పెద్దాయన పోయాక మీరు ఇంటి తాళాలు మార్చిన రోజున ఆవిడ ఆర్డీఓ ఆఫీసుకి వెళ్తుంది, అర్జీ పెడుతుంది. అప్పుడు మీకూ ఒక వరస కలుస్తుంది. మీ చదువులు, హోదాలు, ప్యాకేజీలు ఏవీ అడగకుండా ముగ్గురికీ సమానంగా పంచే పిలుపది: ఒకటవ ప్రతివాది, రెండవ ప్రతివాది, మూడవ ప్రతివాది.